ఖాళీ పళ్ళెం

మగవాళ్ళ మరుగుదొడ్లో నీళ్ళతొట్టి వెనకాల తుడుద్దామని చెయ్యి దూర్చిన కార్లీన్ వేళ్ళకి చల్లగా, మెత్తగా మాంసం తగిలింది.

చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎలుక చచ్చిందనుకుంది. రబ్బరు తొడుగు వేసుకుని, మొహం పక్కకి తిప్పుకుని మళ్ళీ దూర్చి లాగింది. వచ్చింది ఎలుక కాదు, పొట్లం. జునిపర్ బిస్ట్రో వాళ్ళ బూడిదరంగు గుడ్డ నేప్‌కిన్‌లో, పురిటిబిడ్డని పొత్తిళ్ళలో చుట్టినంత శ్రద్ధగా చుట్టిన పొట్లం. విప్పితే లోపల పంది మాంసం. పెద్ద ముక్క, ఎముకతో సహా. ఒక అంచున ఒకే ఒక్క పంటిగాటు. దాని కింద ఊదారంగు పూరేకులు అంటుకున్న బంగాళదుంప ముద్ద.

నిన్నటి స్పెషల్. కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టగలదామె. మాంసానికి పట్టించిన కాఫీపొడి మాడిన కంపు, దుంపల్లోంచి సబ్బు వాసన. అది లావెండర్. బట్టల బీరువాలో పెట్టుకోవాల్సిన పువ్వుని వంటలో వేసేవాణ్ణి ఏమనాలో కార్లీన్‌కి తెలుసు, కానీ జీతమిచ్చేవాణ్ణి అలా అనకూడదు.

ఇక్కడ దాచకపోతే ఎక్కడ దాస్తారు? ఈ గదిలో చెత్తబుట్ట లేదు. కాగితం తువ్వాళ్ళు నాటుగా ఉంటాయని యజమాని ట్రెంట్ వాటితోపాటు బుట్టని కూడా తీయించేశాడు. గోడకి వేడిగాలి మిషను పెట్టించాడు. దాని కింద చేతులు పెడితే విమానం లేచినంత మోత వస్తుంది, చేతులు మాత్రం ఆరవు. ఈ హోటల్లో అన్నీ అంతే.

పొట్లం పట్టుకుని ఆమె వంటగదిలోకి వెళ్ళింది. ట్రెంట్ వంగి, కనుబొమలు పీకే పట్టకారులాంటి దాంతో సొరకాయంత గిన్నెలో గోరంత ఆకుని నిలబెడుతున్నాడు. ఇరవై ఏళ్ళు బీమా ఆఫీసులో బల్ల వెనక కూర్చున్నవాడు. రెండేళ్ళ కిందట అది వదిలేసి, ట్రాక్టర్ల విడిభాగాలమ్మే పాత షాపుని కొని, గోడలకి నల్లరంగు కొట్టి, దీన్ని బిస్ట్రో అన్నాడు. తనని షెఫ్ అనమన్నాడు.

"షెఫ్‌గారూ, ఓసారి ఇటు చూస్తారా?"

ట్రెంట్ చూశాడు. వాసన చూశాడు. "ఇది నా పంది ముక్క."

"మీదే. ఇంకొకరు ఇలా చెయ్యలేరు."

ఆ మాటకి అతని మొహం ఒక్కక్షణం వెలిగింది. తర్వాత, ఎక్కడ దొరికిందో చెప్పేసరికి నల్లబడింది. అంట్లమూల నీళ్ళగొట్టంతో పళ్ళాలు కడుగుతున్న రోలీ వైపు చూశాడు.

"దొంగతనం," అన్నాడు గొంతు తగ్గించి.

"కొరికి ఉంది కదా. ఎవరికో నచ్చక..."

"నచ్చక?" ఆ పదం తనెప్పుడూ వినలేదన్నట్టు చూశాడు ట్రెంట్. "కార్లీన్, రోజూ ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్ళి అడుగుతున్నాను. ఒక్కరంటే ఒక్కరు బాగాలేదన్నారా?"

అనలేదు. అది నిజం. నార్డాల్‌లో ఎవరూ అనరు. కాలు విరిగి ఆసుపత్రిలో పడున్నవాణ్ణి ఎలా ఉందని అడిగితే, "ఫర్వాలేదు, ఇంతకంటే ఘోరంగా ఉండొచ్చు" అనే ఊరది. మిన్నెసోటా చలికి ఇళ్ళ గొట్టాలు పగలకుండా చూసుకున్నట్టే, నోటిలోంచి నిజం బయటపడకుండా చూసుకుంటారు.

"వాడు రుచి చూశాడు, రాత్రికి పట్టుకెళ్దామని దాచాడు," అని తేల్చేశాడు ట్రెంట్. "జైలుబుద్ధి ఎక్కడికి పోతుంది? ఆదివారం మధ్యాహ్నం దాకా చూస్తాను. తనంతట తను ఒప్పుకుంటే పనిలోంచి తీసేసి ఊరుకుంటాను. లేదంటే వాడి పెరోల్ ఆఫీసరుకి ఫోన్."

గొంతు ఎంత తగ్గించినా నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. రోలీ విన్నాడు.

వెనక సందులో, చెత్త డబ్బాల పక్కన, రోలీ సిగరెట్ వెలిగించడానికి మూడు అగ్గిపుల్లలు గీశాడు. పెద్ద చేతులు, నీళ్ళలో నాని తెల్లబడ్డ వేళ్ళు. మంచుమీద నడిపే బండ్లు దొంగిలించి జైలుకెళ్ళి, కిందటి ఆకులు రాలే కాలంలో బయటికొచ్చాడు. దొంగతనం మాట మళ్ళీ వినబడితే మిగిలిన శిక్ష లోపలే.

"నువ్వు నమ్ముతున్నావా?" అన్నాడు.

"ఛీ, నోర్ముయ్."

"నేను జైల్లో తిన్నాను కార్లీన్. అక్కడ పంది మాంసం ఇంతకంటే మెత్తగా ఉండేది. దొంగిలించేవాణ్ణయితే పచ్చిది దొంగిలిస్తాను కదా, ఆయన చెయ్యి పడకముందు."

కార్లీన్‌కి నవ్వొచ్చింది. రోలీకి రాలేదు.

"అదే ఆయనతో చెప్పు."

"ఏమని? మీ వంట దొంగ కూడా ముట్టడనా? అప్పుడు దొంగతనానికి కాదు, దానికి తీసేస్తాడు. పని పోయిందని ఆఫీసరు అడుగుతాడు, ఎందుకు పోయిందని అడుగుతాడు. ఎటు తిరిగినా అక్కడికే." పొగ వదిలాడు. "మా అక్క ఇంట్లో గది ఇచ్చింది. కిటికీకి కర్టెన్ కూడా కుట్టింది. పసుపు రంగు. నాకు నచ్చదు. బాగుందన్నాను."

శుక్రవారం మధ్యాహ్నం కార్లీన్ కళ్ళు పళ్ళాల మీదే ఉన్నాయి. ఎవరు తిన్నారు, ఎవరు తిన్నట్టు నటించారు?

మూలనున్న సోరెన్సన్ దంపతులు ట్రఫుల్ పుట్టగొడుగుల నూనె పోసిన మాకరోనీని ఫోర్కుతో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తోలుతున్నారు, దున్నిన పొలమే మళ్ళీ దున్నినట్టు. తలుపు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు సలాడ్‌లోంచి కాల్చిన పుచ్చకాయ ముక్కలు ఏరి అంచున పెడుతున్నారు. పుచ్చకాయని కాల్చాలన్న ఆలోచన మనిషికి ఎలా వస్తుందో కార్లీన్ ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ట్రెంట్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఎలా ఉందండీ?"

"అబ్బ, చాలా బాగుంది!" అంది సోరెన్సన్ భార్య, నోట్లో ముద్దని చెంపకి నెట్టి.

"కొత్తగా ఉంది," అన్నాడు భర్త.

నార్డాల్‌లో ఒక వంటని కొత్తగా ఉందన్నారంటే, దాన్ని పాతిపెట్టి పైన రాయి నిలబెట్టడం ఒక్కటే మిగిలిందని అర్థం. ఇక్కడే పుట్టి పెరిగిన ట్రెంట్‌కి అది తెలియదా? తెలుసు. ఇంకొకరి వంట గురించి అంటే తెలుసు. తన దగ్గరికొచ్చేసరికి చెవులు పనిచెయ్యవు. వెళ్ళి నల్లబల్ల మీద సుద్దతో రాశాడు కూడా: 'కొత్తగా ఉంది! - మా కస్టమర్.'

"మిగిలింది డబ్బాలో కట్టివ్వు తల్లీ," అన్నాడు సోరెన్సన్, కార్లీన్ కళ్ళలోకి చూడకుండా. ఆ డబ్బా వీధి మలుపు దాకా వెళ్తుందని ఇద్దరికీ తెలుసు. అక్కడ పెద్ద చెత్తబుట్ట ఉంది.

డబ్బా అడగలేనివాడు ఒక్కడే ఉన్నాడు ఆ గదిలో. కిటికీ పక్క టేబుల్, వంటగది గవాక్షానికి సరిగ్గా ఎదురుగా. ఆర్లో. ట్రెంట్ తండ్రి. జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి, బిస్ట్రో తెరిచిన నాటినుంచి మధ్యాహ్నం భోజనం ఇక్కడే. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఆ కాకి ఇంత ఓపిగ్గా నమలడం కార్లీన్ ఇంకెక్కడా చూడలేదు. ఇవాళ పొట్టిచేతుల చొక్కా వేసుకొచ్చాడు. ఎండలొచ్చాయి.

ఆమె ఆయన పళ్ళెం తీసుకెళ్తుంటే ట్రెంట్ గవాక్షంలోంచి చెయ్యి చాపి లాక్కున్నాడు. తుడిచినట్టుంది పళ్ళెం. దాన్ని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"చూశారా! డెబ్బయ్యెనిమిదేళ్ళ మనిషి! మా నాన్న ఎముక కూడా మిగల్చడు!"

గదంతా నవ్వింది. ఆర్లో కూడా నవ్వి, చేతి వెనకతో మూతి తుడుచుకున్నాడు. కార్లీన్ కూడా నవ్వింది. ఒక మనిషి చేతి వెనకతో మూతి ఎందుకు తుడుచుకుంటాడో ఎవరూ ఆలోచించలేదు, ఆమెతో సహా.

ఆలోచన శనివారం తట్టింది. ఆర్లో ఖాళీ పళ్ళెం చేతిలో ఉండగా తట్టింది. మాంసం తినొచ్చు. దుంపలు మింగొచ్చు. ఎముక ఏమైంది? ఆర్లో పై వరస పళ్ళు కట్టుడువి. సూప్ తాగేటప్పుడు టకటకమంటాయి.

తల తిప్పి చూస్తే కిటికీ పక్క టేబుల్ ఖాళీ. మరుగుదొడ్డి తలుపు వెనక గాలిమిషను రొద. అది ఆగేదాకా కార్లీన్ బయటే నిలబడింది. ఆర్లో బయటికొచ్చి, ఆమెకి మర్యాదగా తలూపి వెళ్ళిపోయాడు. ఆమె లోపలికెళ్ళి నీళ్ళతొట్టి వెనక చెయ్యి పెట్టింది. పొట్లం ఇంకా వెచ్చగా ఉంది.

ఆయన్ని ట్రక్కు దగ్గర పట్టుకుంది. ముందు సీట్లో ముసలి లాబ్రడార్ కుక్క పడుకుని ఉంది.

"ఆర్లో గారూ, ఎముక ఏం చేశారు?"

ఆర్లో తాళంచెవి వైపు చూశాడు. "ఏ ఎముక?"

కార్లీన్ పొట్లం చూపించింది. ఆయన మెడ కింద నుంచి చెవుల దాకా ఎర్రబడింది. కుక్క లేచి, పొట్లం వైపు ముక్కు చాపి, వాసన చూసి, మళ్ళీ పడుకుంది.

"మొదట్లో తినేది," అన్నాడు ఆర్లో. "తర్వాత పాతిపెట్టడం మొదలెట్టింది. ఇప్పుడు అదీ లేదు." కుక్క తల మీద చెయ్యి వేశాడు. "చలికాలమంతా కోటు జేబులో పట్టుకెళ్ళేవాణ్ణి. ఈ ఎండల్లో కోటు వేసుకొస్తే మావాడు అడుగుతాడు కదా. తర్వాతెప్పుడైనా వచ్చి తీసుకెళ్దామని అక్కడ పెట్టాను. వాడికి చెప్పకమ్మా."

"చెప్పకపోతే రేపు రోలీ జైలుకెళ్తాడు."

"రోలీ ఎవరు?"

"మీరు ఖాళీ చేసిన పళ్ళెం కడిగేవాడు." ఆమె అంతా చెప్పింది. వింటున్నంతసేపూ ఆర్లో కుక్క తల నిమురుతూనే ఉన్నాడు.

"వాడు తట్టుకోలేడమ్మా," అన్నాడు చివరికి.

"రోలీయా?"

"ట్రెంట్."

కార్లీన్‌కి ఒళ్ళు మండింది. "సిగ్గుగా లేదా మీకు? కొడుకు మనసు నొచ్చుకుంటుందని ఎవడో ఊచలు లెక్కపెట్టాలా? ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క! బాగాలేదు. అనండి చూద్దాం!"

ఆర్లో చెయ్యి కుక్క తల మీద ఆగింది. అప్పుడు, మొదటిసారి, ఆమెని సూటిగా చూశాడు.

"నువ్వు అన్నావా? రోజూ ప్లేట్లు తీసేది నువ్వే కదా. జనం వదిలేసింది వాడి కళ్ళబడకముందే గీకేసేది ఎవరు? 'అందరూ డబ్బాలో కట్టించుకున్నారు షెఫ్' అని చెప్పేది ఎవరు?"

ట్రక్కు వెళ్ళిపోయింది. కార్లీన్ పొట్లంతో అక్కడే నిలబడింది. ముసలాడి మీద విసిరిన ఉమ్ము గాలికి తిరిగొచ్చి తన మొహం మీదే పడ్డట్టయింది.

తిన్నగా వంటగదిలోకెళ్ళి పొట్లాన్ని ట్రెంట్ ముందు పెట్టింది. షెఫ్‌గారూ లేదు, మీరూ లేదు.

"ట్రెంట్, ఇది మీ నాన్నది. ఇప్పుడే దాచి వెళ్ళాడు. ఇంకా వెచ్చగా ఉంది చూడు."

ట్రెంట్ పొట్లం చూశాడు. ఆమెని చూశాడు. నవ్వాడు.

"రోలీ కోసం మా నాన్ననే దొంగని చేస్తావా?"

"ఎముక కూడా మిగల్చడన్నావే, ఆ కట్టుడు పళ్ళతో ఎముక ఎలా తిన్నాడనుకున్నావ్?"

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ట్రెంట్ చేతిలో పట్టకారు ఆగింది. తర్వాత అన్నాడు, "కొందరు మూలుగ కోసం నములుతారు."

తను చేసిన వంట మనిషి చేత ఎముకలు కూడా నమిలిస్తుందని నమ్మగలిగేవాడితో ఇక ఏం మాట్లాడాలి? ట్రెంట్ గొంతు పెంచాడు.

"అంటే వాడు ఇవాళ కూడా దాచాడన్నమాట! అంత ధైర్యం!"

"పొద్దుట్నుంచీ వాడు ఆ అంట్ల తొట్టి ముందునుంచి కదల్లేదు."

"జైల్లో ఇవన్నీ నేర్పుతారు," అన్నాడు ట్రెంట్, ఆకుని నిలబెడుతూ.

ఆదివారం చర్చి వదిలాక గది నిండింది. నార్డాల్ జనం దేవుడి ముందు అబద్ధమాడకుండా ఓ గంట కూర్చుని, ఆ బాకీ తీర్చుకోవడానికి ఇక్కడికొస్తారు. "అద్భుతం," "చాలా బాగుంది," "మా ఆవిడ ఇలా ఎప్పుడూ చెయ్యలేదు." ఆ చివరిది మాత్రం నిజం.

రోలీ అంట్లమూలలో ఆఖరి పళ్ళాల దొంతర తుడిచి, ఆప్రాన్ విప్పాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, అంచులు కలిసేలా సవరించి, బల్ల మీద పెట్టాడు. ఎవరూ వెళ్ళమనకముందే జాకెట్ వేసుకుని వంటగది తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను కాదని అతను మళ్ళీ అనలేదు. అతను కూడా ఈ ఊరివాడే.

ఆర్లో వచ్చాడు. రాడేమోనని కార్లీన్ అనుకుంది. చర్చికి వేసుకునే చొక్కా, నీళ్ళతో దువ్విన జుట్టు. కిటికీ పక్కనే కూర్చున్నాడు. రోలీని చూశాడు. ఎవరూ చెప్పకుండానే పోల్చుకున్నాడు, చూపు దించుకున్నాడు.

"నాన్నకి పెద్ద ముక్క," అని ట్రెంట్ స్వయంగా పళ్ళెం సర్ది కార్లీన్ చేతికిచ్చాడు. మాంసం అంచులు బొగ్గు, మధ్యలో చెప్పు అట్ట. మీద పువ్వు.

ఆమె పళ్ళెం ఆర్లో ముందు పెట్టింది. ఫోర్కు, కత్తి సరిచేసింది. తర్వాత, బల్ల మీద మడతపెట్టి ఉన్న బూడిదరంగు నేప్‌కిన్‌ని వేళ్ళతో పట్టుకుని, మెల్లగా లాగి తీసేసుకుంది. ఆర్లో చెయ్యి దాని వెనకాలే కాస్త కదిలి, ఖాళీ బల్ల మీద ఆగిపోయింది.

ఆయన ఒక ముక్క కోశాడు. కత్తి పళ్ళేన్ని గీరిన చప్పుడు పక్క టేబుళ్ళకి వినబడింది. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ నమిలాడు. ముక్క మాత్రం మింగుడు పడలేదు.

ట్రెంట్ ఒక చేత్తో ఫోను పట్టుకుని బయటికొచ్చాడు. రోలీతో, "చివరిసారి అడుగుతున్నాను," అన్నాడు.

"నేను తియ్యలేదు," అన్నాడు రోలీ.

"నీ ఇష్టం." నంబరు కోసం ఫోను మీద వేలు జరుపుతూనే, అలవాటు కొద్దీ, తండ్రి టేబుల్ దగ్గర ఆగాడు. "ఎలా ఉంది నాన్నా?"

ఆర్లో నోట్లో ముక్కని చేతిలోకి ఉమ్మాడు. ఉమ్మి, పళ్ళెం అంచున పెట్టాడు. సోరెన్సన్ భార్య ఊపిరి బిగబట్టింది. ఆ ఊళ్ళో పెద్దమనిషి ఎవరూ నలుగురిలో అలాంటి పని చెయ్యలేదు.

"ఆ ఫోను ఆపరా," అన్నాడు ఆర్లో. "ఆ పొట్లాలు నావి. దొరికిన రెండూ నావే. ఆ అబ్బాయికి ఏ పాపం తెలీదు. ఎవరికైనా ఫోను చెయ్యాలనుంటే నా మీద చెయ్యి."

"నాన్నా, కార్లీన్ నీకేదో చెప్పి..."

"కూర్చో. మాట మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేను." ట్రెంట్ కూర్చోలేదు. ఆర్లో బల్ల అంచు పట్టుకున్నాడు. "మీ అమ్మ పోయిన తర్వాత మొదటి ఆదివారం. నీకు పదకొండేళ్ళు. నేను మంచం మీంచి లేవలేదు. నువ్వు ఒక్కడివే కోడిని వండి, పళ్ళెంలో పెట్టి నా దగ్గరికి తెచ్చావు. కోస్తే లోపల నెత్తురు. పైన మాడు. ఉప్పు రెండుసార్లు వేశావు. మంచం పక్కన నిలబడి, ఎలా ఉంది నాన్నా అన్నావు. నీ మొహం చూశాను. అమ్మ చేసినట్టే ఉందిరా అన్నాను. నువ్వు అటు తిరగ్గానే దిండు కింద దాచాను. ఆ వారంలో నువ్వు నవ్వింది ఆ ఒక్కసారే.

"అప్పట్నుంచి ప్రతి ఆదివారం వండావు. ప్రతి ఆదివారం బాగుందన్నాను. ఏదో ఒక రోజు మానేస్తావనుకున్నాను. నువ్వు ఉద్యోగం మానేశావు. ఎందుకురా అంటే, నా చేతి వంట తిని నువ్వు ఏనాడూ ఒక్క మెతుకు మిగల్చలేదు కదా నాన్నా, అందుకే అన్నావు. ఆ రోజైనా చెప్పాల్సింది. గొంతు దాకా వచ్చింది. బాగుందిరా అనేశాను.

"నిన్ను మోసం చేసింది ఈ ఊరు కాదు, ఆ అబ్బాయి కాదు. నేను. ముప్పై ఏళ్ళకి పైగా, నీకు ఎదురుగా కూర్చుని."

ట్రెంట్ పళ్ళెం వైపు చూశాడు, ఉమ్మిన ముక్క వైపు, పువ్వు వైపు.

"ఇది?" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది. "ఇది కూడానా నాన్నా?"

"తినలేనురా," అన్నాడు ఆర్లో. "నువ్వు పెట్టింది నేను ఏ రోజూ తినలేదు."